యేసుపాదం గారి రాబోవు ఉపన్యాసం

మా విశ్వవిద్యాలయంలో కార్యక్రమాలు జరగడం నిలిచిపోయిన కాలంలో కార్యక్రమాల సమన్వయకర్తని నేనే. భాషాశాస్త్రంలో పాఠాలు చెప్పుకునే నన్ను పిలిచి ఆ కుర్చీలో కూర్చోబెడుతూ రిజిస్ట్రారు కలిదిండి గోపాలరాజు గారు, "హైమవతి గారూ, ఇది బాధ్యత కాదు, గౌరవం. అందుకే దీనికి గదీ ఫ్యానూ ఇవ్వలేకపోతున్నాం" అన్నారు.

దేశంలోని విశ్వవిద్యాలయాలకి ర్యాంకులు కట్టే విద్యా ఔన్నత్య మదింపు మండలి అని ఒకటుంది. సమాజానికి తలుపులు తెరిచిన విశ్వవిద్యాలయం ఏదో కనిపెట్టాలని ఆ మండలికి ఆ ఏడాది బుద్ధి పుట్టింది. దానికి వాళ్ళు ఎంచుకున్న మార్గం చాలా సులువైనది. ప్రతి విశ్వవిద్యాలయం వెబ్‌సైటులోనూ 'రాబోవు కార్యక్రమాలు' అనే పేజీ ఉండాలి. ప్రజల కోసం పెట్టే ఉపన్యాసమో, ప్రదర్శనో, సదస్సో ఆ పేజీలో కనిపిస్తే మార్కులు వేస్తారు. ఎప్పుడు చూస్తారో మాత్రం చెప్పరు.

నేను మొదట్లో తెలియక కార్యక్రమాలు జరిపించాను. వృక్షశాస్త్రం వాళ్ళు పుట్టగొడుగుల ప్రదర్శన పెడితే ఊళ్ళోంచి జనం పిల్లల్ని చంకనేసుకుని వచ్చారు. ఏది తినొచ్చో ఏది తినకూడదో తెలుసుకుని సంతోషంగా వెళ్ళారు. మర్నాడు పొద్దున్నే ఆ ప్రదర్శన 'రాబోవు' పేజీలోంచి 'జరిగిన' పేజీలోకి జారిపోయింది. జరిగినవాటికి మార్కుల్లేవు. తర్వాత నాణేల ప్రదర్శన జారింది. ఆ తర్వాత కీళ్ళనొప్పుల మీద ఉపన్యాసం జారింది.

నెలాఖరు సమీక్షలో మా వి.సి. ఆచార్య తాడినాడ శేషగిరి గారు ఆ పేజీని గోడ మీద వేయించి, చాలాసేపు చూసి, కళ్ళజోడు తీశారు.

"మిత్రులారా! మనం ఒక కార్యక్రమం నిర్వహించిన ప్రతిసారీ మనకి ఒక కార్యక్రమం తగ్గిపోతోంది. ఇది ఎవరైనా గమనించారా?"

ఎవరూ గమనించలేదు. అందరూ సిగ్గుపడ్డారు.

"నిర్వహణే మన నష్టానికి మూలకారణం. ఇక మీదట ఈ ప్రాంగణంలో కార్యక్రమాలు రాబోవాలి. జరగరాదు."

గోపాలరాజు గారు ఆ మాటని ఉత్తర్వుగా మార్చి సాయంత్రానికల్లా అన్ని విభాగాలకీ పంపేశారు. 'రాబోవు కార్యక్రమమును జరుగు కార్యక్రమముగా మార్చువారు క్రమశిక్షణా చర్యలకు బాధ్యులగుదురు' అని అందులో ఉంది.

ఆ తర్వాత మా విశ్వవిద్యాలయం కళకళలాడిపోయింది. రోజూ పదో ఇరవయ్యో కొత్త కార్యక్రమాలు రాబోవడం మొదలుపెట్టాయి. జరిపే బాధ లేదు కనక ఎవరూ వెనకాడలేదు. చిత్రకళా విభాగం బొమ్మలన్నీ గోడలకి తగిలించి, వాటి మీద గోధుమరంగు కాగితం కప్పి, ప్రారంభోత్సవం కోసం తాళం వేసింది. చంద్రగ్రహణ వీక్షణం అని భౌతికశాస్త్రం వాళ్ళు ఒకటి ప్రకటించారు. గ్రహణం ఉత్తర్వు చదవలేదు కాబట్టి ఆ రాత్రి వచ్చి వెళ్ళిపోయింది. "గ్రహణం అయిపోయింది కదండీ, ఇంక తీసేద్దామా?" అని ఆ విభాగాధిపతి అడిగితే, "ఏ గ్రహణమో మనం రాయలేదుగా" అన్నారు గోపాలరాజు గారు. చివరికి స్నాతకోత్సవం కూడా రాబోవు కార్యక్రమమే అయింది. ఉద్యోగాలొచ్చిన పిల్లలు పట్టాల కోసం వచ్చి గోల చేస్తే, వాళ్ళకి 'రాబోవు పట్టభద్రుడు' అని స్టాంపు వేసి ఒక ధ్రువపత్రం ఇచ్చాం.

అలాంటి రోజుల్లో మా మాష్టారు బందెల యేసుపాదం గారు నా దగ్గరికి వచ్చారు.

ఆయన మా విభాగంలోనే పనిచేసి రిటైరై, గౌరవాచార్యులుగా ఉంటున్నారు. నాకు పాఠం చెప్పిన మనిషి. ఆయన జన్మంతా చేసిన పని ఒక్కటే, కేకలు పోగుచెయ్యడం. డెల్టాలో కాలవల వెంట, లంకల వెంట భుజాన టేపురికార్డరు వేసుకుని తిరిగి, జనం ఒకరినొకరు దూరాన్నించి ఎలా పిలుచుకుంటారో విని నేర్చుకున్నారు. రేవులో పడవని పిలిచే కేక, దూడని పిలిచే కేక, ఉప్పు అమ్మే కేక, అన్నానికి రమ్మనే కేక. వాటన్నిటినీ ఆయన గొంతుతో అచ్చంగా పలికించేవారు. 'కేక: తెలుగువాళ్ళ దూరపు మాట' అన్న ఆయన బహిరంగ ఉపన్యాసం ఉత్తర్వుకి ముందే ప్రకటించాం. ఉత్తర్వు తర్వాత వాయిదా వేశాం. మళ్ళీ వేశాం. ఇప్పుడది వచ్చే గురువారానికి ఉంది. మళ్ళీ వాయిదా పడుతుందని నాకు తెలుసు, ఆయనకి తెలియదు.

"అమ్మాయ్, గురువారం ఖాయమేనా?" అన్నారు కుర్చీలో కూర్చుంటూ. గొంతు బొంగురుగా, ఇసకలో బండి లాగినట్టు వచ్చింది.

"జలుబు చేసిందా మాష్టారూ?"

"జలుబైతే బానే ఉండును. పుండంట. క్యాన్సరు. గొంతులో మాట పలికే పెట్టె మొత్తం తీసేస్తారంట." ఆయన కంఠం మీద రెండు వేళ్ళు పెట్టి చూపించారు. "గురువారం దాటాక, సోమవారం ఆపరేషను. ఆ తరవాత మాట ఉండదు. మెషీనేదో పెడితే మాట్లాడొచ్చంటన్నారు గానీ, మెషీను కేకెయ్యదుగా."

"టేపులున్నాయి కదా మాష్టారూ" అన్నాను. అని, ఎందుకన్నానా అనుకున్నాను.

"టేపులో కేక ఉంటది. ఎట్టా ఊపిరి పట్టాలో, ఎక్కడ విడవాలో ఎవరు చెప్తారు? అది నేనే నిలబడి చెప్పాలి. ఒక్క గంట చాలమ్మాయ్."

నేను తిన్నగా రిజిస్ట్రారు గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన శ్రద్ధగా విని, నిట్టూర్చి, "ఆయన కంఠం వ్యక్తిగత విషయం హైమవతి గారూ. ఆయన ఉపన్యాసం సంస్థాగత విషయం. ఈ రెంటినీ మనం కలపలేం" అన్నారు. అయినా దయ గల మనిషి కనక నన్ను వి.సి. గారి గదిలోకి తీసుకెళ్ళారు.

శేషగిరి గారు మొదట, "అయ్యో పాపం" అన్నారు. అది మనస్ఫూర్తిగానే అన్నారు. తర్వాత ఆయన ముఖంలో ఏదో వెలుగు వచ్చింది.

"అంటే సోమవారం తర్వాత ఆయన ఆ ఉపన్యాసం ఇవ్వలేరన్నమాట."

"ఇవ్వలేరు సర్. అందుకే..."

"ఇవ్వలేరు కాబట్టి అది జరిగిపోయే ప్రమాదమే లేదు. గోపాలరాజు గారూ, మిగతావన్నీ ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒక తొందరపాటు మనిషి జరిపేస్తాడేమోనని మనం బెంగపడాలి. ఇది మాత్రం శాశ్వతంగా రాబోతూనే ఉంటుంది. ఇలాంటి వక్తలు ఇంకెవరైనా ఉన్నారేమో విభాగాల్ని వాకబు చెయ్యండి."

నేను బయటికొచ్చి వరండాలో కాసేపు నిలబడ్డాను. తర్వాత మాష్టారికి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన కోప్పడతారనుకున్నాను.

"గురువారం అని పేపర్లో పడిందిగా. జనం వస్తారు. వాళ్ళకోసం నేనూ వస్తా" అని పెట్టేశారు.

గురువారం సాయంత్రం సభాభవనానికి తాళం వేసి ఉంది. మెట్ల కింద వందమంది దాకా చేరారు. పాత విద్యార్థులు, ఊళ్ళోవాళ్ళు, లంకల్లోంచి ఆటోల్లో వచ్చిన ముసలాళ్ళు. మాష్టారు తాళాన్ని ఒకసారి కదిపి చూసి, వెనక్కి తిరిగి, పై మెట్టు మీద నిలబడ్డారు. నమస్కారాలేవీ చెప్పలేదు. కుడిచెయ్యి దొప్పలా చేసి నోటి పక్కన పెట్టుకుని, ఊపిరి తీసుకుని,

"ఓ...య్, పడవో...య్!" అన్నారు.

ఆ బొంగురు గొంతులోంచి అంత కేక ఎలా వచ్చిందో నాకిప్పటికీ తెలియదు. భవనం మీది పావురాలన్నీ లేచిపోయాయి. గేటు దగ్గర కాపలావాళ్ళు పరిగెత్తుకొచ్చారు. వాళ్ళ వెనక గోపాలరాజు గారు పంచె సర్దుకుంటూ వచ్చారు.

"ఇక్కడేం జరుగుతోంది?"

"ఇంకా ఏం జరగలేదండీ, ఇప్పుడే మొదలెట్టారు" అన్నాడు ముందు వరసలో ఒకాయన.

"జరగకూడదు. వెంటనే అందరూ రాబోవు స్థితిలోకి వెళ్ళిపోండి" అన్నారు గోపాలరాజు గారు. కంగారులో ఆయన నోటికి అదే వచ్చింది.

మర్నాడు మాష్టారికి సంజాయిషీ నోటీసు వెళ్ళింది. సభాభవనపు మెట్లపై అసాధారణ శబ్దము చేసి, తద్వారా రాబోవు కార్యక్రమమును జరుగు కార్యక్రమముగా మార్చ ప్రయత్నించిరని అభియోగం. మదింపు మండలి చూపు ఎప్పుడు పడుతుందో తెలియదు కనక ఈ మచ్చ త్వరగా తుడిచెయ్యాలని వి.సి. గారు తొందరపెట్టారు. అందుకని శనివారమే విచారణ. గోపాలరాజు గారు అధ్యక్షులు. న్యాయశాస్త్ర విభాగాధిపతి అద్దేపల్లి కామేశ్వరి గారు సభ్యురాలు. నేను వాంగ్మూలం రాసుకునేదాన్ని.

మాష్టారు భార్య సలోమి గారిని వెంటబెట్టుకుని వచ్చారు. ఆవిడ ఫ్లాస్కులో వేడినీళ్ళు తెచ్చి భర్త ముందు పెట్టి, మమ్మల్ని ముగ్గురినీ ఒకసారి ఎగాదిగా చూసి, గోడవారన కూర్చుంది.

"ఆచార్య యేసుపాదం గారూ, గురువారం మీరు చేసిన శబ్దం ఏమిటి? ఎందుకు చేశారు? వివరించండి" అన్నారు గోపాలరాజు గారు.

"వివరించాలంటే కాస్త టైం పడుద్దండీ. మధ్యలో ఆపకుండా వింటారా?"

"సహజ న్యాయసూత్రాల ప్రకారం మీ వాదన పూర్తిగా వినడం మా విధి. ఎవరూ ఆపరు."

"సాక్షుల్ని కూడా పిలిపించండి మరి. ఆ శబ్దం విన్నవాళ్ళున్నారు."

"ఎంతమంది?"

"అదుగో" అని మాష్టారు కిటికీలోంచి చూపించారు. కింద గురువారం నాటి జనమే నిలబడి ఉన్నారు. ఒకరిద్దరు ఇంకా బంధువుల్ని కూడా తెచ్చుకున్నట్టున్నారు. గోపాలరాజు గారు కామేశ్వరి గారి వంక చూశారు.

"విన్నవాళ్ళని రావద్దనడానికి చట్టంలో వీల్లేదండీ" అందావిడ, ఫైలు మీంచి తల ఎత్తకుండా.

గది నిండింది. వరండా నిండింది. మిగిలినవాళ్ళు కిటికీల కింద వేపచెట్టు దగ్గర నిలబడ్డారు. మాష్టారు వేడినీళ్ళు ఒక గుక్క తాగి లేచారు. నేను కలం పట్టుకున్నాను.

"నేను చేసిన శబ్దం కేకండి. అరుపు వేరు, కేక వేరు. అరుపు మన లోపలిది బయట పడెయ్యడానికి. కేక అవతల మనిషి కోసం" అని మొదలుపెట్టారు.

ఆ తర్వాత ఆయన దూడని పిలిచారు. కోళ్ళని పిలిచారు. ఎండలో మజ్జిగ అమ్మారు. అరుగు మీంచి భర్తని పేరు పెట్టకుండా పిలిచే ఇల్లాలి 'ఏవండో...య్'ని పలికి, అందులో ముద్దు ఎంతుందో, 'బియ్యం నిండుకున్నాయి' అన్న సంగతి ఎంతుందో విడదీసి చూపించారు. జనం పడీ పడీ నవ్వారు. కామేశ్వరి గారు ఫైలు మూసేశారు. గోపాలరాజు గారు మాత్రం, "ఇదంతా అభియోగానికి సంబంధించినదేనా?" అన్నారు.

"సంబంధించిందేనండి. మిమ్మల్ని చిన్నప్పుడు అన్నానికి ఎట్టా పిలిచేవోరు?"

"అది అప్రస్తుతం."

"అడ్డు రానన్నారుగా. నా వాదనకి అవసరం."

గోపాలరాజు గారు నా వైపు వంగారు. "ఇది రాయొద్దు" అన్నారు నాతో మెల్లగా. "మా అమ్మ పెరటి గోడ దగ్గర నిలబడేది. నేను చేలో ఆడుకుంటుండేవాణ్ణి." ఆయన గొంతు సవరించుకున్నారు. అందరూ చూస్తున్నారు. అంతమంది ముందు రిజిస్ట్రారు గారు సన్నగా, ఆడగొంతుతో,

"గోపా...లో...యీ!" అన్నారు.

ఎవరూ నవ్వలేదు.

"విన్నారా? పేరు చివర 'రాజు' పోయింది, 'ఓయీ' వచ్చింది" అన్నారు మాష్టారు. "గాల్లో హల్లులు నిలవవండి. దూరం వెళ్ళేది అచ్చులే. అందుకే అమ్మలందరూ పేరు తోకని సాగదీస్తారు. పేరు అరిగిపోయినా బిడ్డకి తెలుస్తుంది, పిలుస్తోంది తననేనని."

గోపాలరాజు గారు జేబులోంచి రుమాలు తీసుకుని కళ్ళజోడు తుడుచుకున్నారు. చాలాసేపు తుడుచుకున్నారు.

అప్పటికి మాష్టారి గొంతు దిగిపోతోంది. మాటలు తెగి తెగి వస్తున్నాయి. సలోమి గారు లేచి, "ఇంక చాలు, కూర్చోండి" అంది. ఆయన చెయ్యి ఊపారు.

"మా నాన్నది రేవు పడవండి. చలికాలం పొగమంచులో అవతలొడ్డున మనిషి కనపడడు. కేకొక్కటే వచ్చేది. నాన్న చుట్ట పక్కన పెట్టి జవాబిచ్చేవోడు. జవాబు వినపడ్డాక అవతలి మనిషి నిమ్మళంగా కూచునేవోడు. పడవ ఇంకా కదల్లేదు, అయినా వచ్చినట్టే. జవాబు ఉంటేనే అది కేక. గురువారం నేనేసింది అదే. జవాబు రాకముందే ఆపేశారు."

చెయ్యి నోటి పక్కన పెట్టుకుని మళ్ళీ వేశారు. "ఓ...య్, పడ..." అక్కడ గొంతు తెగిపోయింది. నోరు తెరిచే ఉంది. శబ్దం లేదు.

నేను కలం కింద పెట్టేశాను. అప్పుడు కిటికీ కింద, వేపచెట్టు దగ్గర్నించి ఒక ముసలి గొంతు లేచింది.

"వస్తన్నా...!"

వెంటనే ఇంకొకటి. తర్వాత వరండాలోంచి, తర్వాత గదిలోంచి, ఆడా మగా అందరూ. "వస్తన్నా...! వస్తన్నా...!" కామేశ్వరి గారి గొంతు కూడా అందులో ఉంది. మాష్టారు కుర్చీలో కూలబడి, కళ్ళు మూసుకుని, పొగమంచులో ఒడ్డున కూచున్న మనిషిలా నిమ్మళంగా విన్నారు.

విచారణ నివేదిక ఆ రాత్రే తయారైంది. 'ఆచార్యులవారు చేసినది సంజాయిషీ మాత్రమే. సంజాయిషీ ఉపన్యాసము కానేరదు. కావున ఉపన్యాసము జరగలేదు, యథాప్రకారము రాబోవుచున్నది' అని గోపాలరాజు గారు తేల్చారు. అభియోగం కొట్టేశారు. మార్కు దక్కింది. వి.సి. గారు ఆయన్ని మెచ్చుకున్నారు.

సోమవారం మాష్టారికి ఆపరేషన్ అయింది. పుండు మొత్తం తీసేశామని, ప్రాణానికి భయం లేదని డాక్టర్లు చెప్పారు. ఆ వారంలోనే ర్యాంకులు వచ్చాయి. సమాజానికి తలుపులు తెరవడంలో మా విశ్వవిద్యాలయం దేశంలో మొదటిది. బాణసంచా కాల్చాలని కొందరన్నారు గానీ, అది కార్యక్రమం అవుతుందని మానుకున్నాం.

ఆ సంబరం మూడురోజులు కూడా నిలవలేదు. రాబోయేవాటిని ఎవరైనా రాసుకోవచ్చని మదింపు మండలికి ఎవరో చెప్పినట్టున్నారు. వచ్చే ఏడాది ర్యాంకులకి జరిగిన కార్యక్రమాలకే మార్కులని, నెల తిరిగేలోగా వివరాలు పంపాలని తాఖీదు వచ్చింది. మా పేజీలో అప్పటికి వేల కార్యక్రమాలు రాబోతున్నాయి. శేషగిరి గారు అన్నిటినీ ఒక్కసారిగా జరపమన్నారు. ఒకే హాల్లో నాలుగు మూలల్లో నలుగురు వక్తలు మాట్లాడారు. బొమ్మల మీద కాగితాలు చింపారు. గ్రహణం మాత్రం దొరకలేదు.

అందరికంటే ముందు వి.సి. గారికి గుర్తొచ్చింది యేసుపాదం గారే. "ప్రజల్లో ఇప్పటికే ఆసక్తి ఉన్న ఉపన్యాసం అదొక్కటే. స్వయంగా వెళ్ళి ఆహ్వానిద్దాం" అన్నారు. శాలువా, బుట్టెడు కమలాపళ్ళు పట్టుకుని ఆయనా, గోపాలరాజు గారూ, నేనూ ఆస్పత్రికి వెళ్ళాం. ఆయనకి మాట పోయిందని నేను దారిలో రెండుసార్లు చెప్పి చూశాను. వి.సి. గారు వినిపించుకునే స్థితిలో లేరు. గోపాలరాజు గారు కారు అద్దంలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు.

మాష్టారు దిండ్లకి ఆనుకుని కూర్చున్నారు. మెడకి కట్టు, కట్టులో గొట్టం. నన్ను చూసి కళ్ళతో పలకరించారు. శేషగిరి గారు మంచం పక్కన నిలబడి ప్రసంగించారు.

"ఆచార్యా! తమ అమూల్య ఉపన్యాసం కోసం విశ్వవిద్యాలయం వేయి కళ్ళతో ఎదురుచూస్తోంది. వచ్చే బుధవారం తమరికి సమ్మతమే కదా?"

మాష్టారు ఆయన వంక చూశారు. గొట్టంలోంచి ఊపిరి వస్తూ పోతూ ఉంది.

"గురువారమైనా సరే" అన్నారు వి.సి. గారు. కాసేపు ఆగి, నా వైపు తిరిగి, "ఆచార్యులవారు అభ్యంతరమేమీ చెప్పలేదని రాసుకోండి" అన్నారు.

అంతవరకూ కిటికీ దగ్గర బత్తాయి ఒలుస్తూ కూర్చున్న సలోమి గారు పండు కింద పెట్టి లేచింది. చీర చెంగు నడుముకి దోపుకుంది. ఆవిడ చిన్నప్పుడు జొన్నచేలో మంచె మీద నిలబడి చిలకల్ని తోలిన మనిషని అప్పటికి మాకెవరికీ తెలియదు. రెండు చేతులూ పైకెత్తి, పొట్టలోంచి ఒక్క కేక వేసింది.

"హో...య్! హో హో హో...య్! హా...య్!"

పక్క వార్డులో గిన్నె ఏదో కిందపడింది. వి.సి. గారి చేతిలోని కమలాలు నేలమీద దొర్లాయి. ఆవిడ మళ్ళీ వేసింది. శేషగిరి గారు గుమ్మం దాటి, మెట్లు దిగి, ఎక్కడా ఆగకుండా కారెక్కేశారు. గోపాలరాజు గారు శాలువా మంచం మీద పెట్టి, మాష్టారికి నమస్కారం పెట్టి, నెమ్మదిగా వెళ్ళారు.

నేను మాష్టారి వైపు తిరిగాను. ఆయన భార్య వంకే చూస్తున్నారు. ఊరూరా తిరిగి కేకలు పోగుచేసిన మనిషి, నలభై ఏళ్ళు కాపురం చేసి ఇంట్లో ఆవిడని ఒక్కసారి కూడా అడగలేదు. చూపుడువేలు ఎత్తి గాల్లో గుండ్రంగా తిప్పారు. ఇంకోసారి, అని.

"చాల్లెండి సంబడం" అంది సలోమి గారు సిగ్గుపడిపోయి. ఆయన మళ్ళీ వేలు తిప్పారు. ఆవిడ అటూ ఇటూ చూసి, ఈసారి చిన్నగా, ఆయనకి మాత్రమే వినపడేట్టు, "హో...య్" అంది.

మాష్టారు నవ్వడం మొదలుపెట్టారు. శబ్దం లేదు. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి, కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, మంచం కిర్రుకిర్రుమంటోంది. నర్సు పరిగెత్తుకొచ్చి భుజాలు పట్టుకుని, "కుట్లు ఊడిపోతాయి సార్! కుట్లు విప్పేదాకా మీరు నవ్వకూడదు, చెప్తున్నా!" అని గట్టిగా కసిరింది.

ఆయన బుద్ధిగా తల ఊపారు. ఆవిడ గుమ్మం దాటేదాకా ఆగి, మళ్ళీ నవ్వారు.